బీడీ దారం మొలతాడు

ఎడపల్లి,
నవంబరు మొదటి వారం

వినీతకు,

మీ అన్న పాల క్యాన్లు ఎత్తేలోపు ఈ చీటీ పూర్తి చేయాలి. ఫోన్ చేస్తే అత్త స్పీకర్ పెట్టమంటుంది. వాట్సాప్‌లో రాస్తే పిల్లలు చదివి ఆమెకే వినిపిస్తారు. ఈ ఇంట్లో నమ్మదగింది మీ అన్న నాగేందర్ జేబు ఒక్కటే. ఆయన చదవడు. చదివినా మరిచిపోతాడు.

సంగతి మామ గురించి. పోయిన ఏడు తలకు ఆపరేషన్ అయ్యాక ఆయన ఎంత కుదురుగా ఉన్నాడో నువ్వు చూశావు. వాకిలి దాటడానికి గోడ పట్టుకున్న మనిషి పొద్దున్నే చాయ్ తాగి కాలువ తూము దాకా నడిచి పోయేవాడు. కాలువ నీళ్లు వదిలే లష్కర్ ఉద్యోగం నుంచి దిగి ఎన్నేళ్లయినా షట్టర్ ఇంకా ఆయనదే. ఇప్పుడున్న లష్కర్‌ను నాలుగు మాటలని, మనసు నిండాక ఇంటికి వచ్చేవాడు.

ఇప్పుడు ఆయనకు పొట్ట పెరుగుతోంది. ధోవతి ముడి నిలవడం లేదు. అన్నం రెండు ముద్దలకే చాలంటాడు. ఎక్కిళ్లు పట్టుకుంటే పక్కింటికి వినబడతాయి. బోధన్‌లో డాక్టర్‌కు చూపించాం. స్కానింగ్ చేసి కడుపులో నీరు ఉందన్నాడు. కల్లు తాగుతాడా అని అడిగాడు.

"వారానికి రెండు సీసలు సారూ," అన్నాడు మామ.

"దినానికి రెండు," అన్నది అత్త.

లివర్ పరీక్షలు రాశాడు. అంతే, అత్త ఇంటికి కూడా రాకుండా నేరుగా కల్లు దుకాణానికి పోయింది. "నా మొగనికి ఇంకొక్క సీస పోస్తివా, రేపటిసంది బీడీల చాట ఏస్కొని నీ దుకాణం ముందరనే కూసుంట" అన్నదట. ఆమె అన్నంత పనీ చేస్తుందని ఊరందరికీ తెలుసు. ఆ రోజు నుంచి ఆయనకు చుక్క పోసినవాడు లేడు. పొట్ట మాత్రం తగ్గలేదు.

మామ నాతో అన్నాడు: "కోడలా, నౌకరి ఉన్నన్ని దినాలు అందరి పొలాలకు నేనే నీళ్లిడిసిన. నా కడుపులకు నీళ్లు నాకు తెల్వకుంట ఎట్ల జొచ్చినయ్?"

నువ్వు ఒక మాట చెప్పు ఆయనకు. మళ్లీ కల్లు జోలికి పోవద్దని నువ్వు చెబితే వింటాడు. కొత్త బెల్లం పంపుతున్నాను. చెరుకు కోత మొదలైంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడినప్పటి నుంచి కొయ్యడం కంటే లారీ కోసం ఎదురుచూడడమే పెద్ద పని.

నీ వదిన,
సవిత

*

నిజామాబాద్,
మరుసటి రోజు

వదినా,

బెల్లం అందింది. అన్న దారిలో సగం తిన్నాడు. మిగతాది బాగుంది.

కల్లు సంగతి పక్కన పెట్టు. బోధన్ డాక్టర్‌కు బాపు తల ఆపరేషన్ గురించి ఎవరైనా చెప్పారా? చెప్పలేదని నాకు అనిపిస్తోంది. పోయిన ఏడు హైదరాబాద్‌లో సర్జన్ కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. నువ్వు అప్పుడు ఇంటి దగ్గర ఉన్నావు కాబట్టి నీకు రాస్తున్నాను. బాపు మెదడులో నీరు నిలిచిపోయింది. అందుకే నడక పోయింది, పేర్లు మరిచిపోయాడు. ఆ నీటిని దించడానికి సన్నటి పైపు పెట్టారు. అది చెవి వెనక నుంచి మెడ, ఛాతీ మీదుగా చర్మం కిందనే వచ్చి కడుపులో తేలుతుంది. తల నీరు రోజూ కడుపులోకి దిగుతుంది. అక్కడ ఒళ్లు దాన్ని పీల్చుకుంటుంది.

అంటే మనం రెండు జబ్బులు అనుకుంటున్నది ఒకటే కావచ్చు. కావచ్చు అనే రాస్తున్నాను. నేను ఎక్స్‌రే తీసేదాన్ని, జబ్బు చెప్పేదాన్ని కాదు.

మా సెంటర్‌లో ఫిల్ములు చూసే డాక్టర్ ఆశా గారిని అడిగాను. పైపు ఉన్న మనిషికి పొట్ట పెరిగిందంటే ఆమె పొట్ట గురించి అడగలేదు. "నడక ఎట్లుంది?" అని అడిగారు. ఫోన్ చేసినప్పుడల్లా అవ్వ "మంచిగున్నడు" అనే అంటుంది. స్పీకర్‌లో బాపు కూడా అదే అంటాడు.

కాబట్టి నిన్ను అడుగుతున్నాను. బాపు కాలువకు పోతున్నప్పుడు వెనక నుంచి చూడు. చూసింది చూసినట్టు రాయి. అవ్వ ఏం చెప్పొద్దన్నా సరే.

వినీత

*

ఎడపల్లి,
అదే వారం

వినీతా,

నీకు రాయనిది రాస్తున్నాను.

మామ కాలువ దాకా పోవడం లేదు. వీధి చివర మోరీ గట్టు మీద కాసేపు కూర్చొని, తూము చూసి వచ్చానని చెబుతున్నాడు. నువ్వు రాసినట్టే వెనక నుంచి చూశాను. అడుగు లేవడం లేదు. నారుమడి బురదలో దిగబడ్డ మనిషిలా కాళ్లు ఈడుస్తున్నాడు. పక్కకు తిరగాలంటే నాలుగైదు చిన్న అడుగులు వేస్తున్నాడు. దీపావళి ముందు స్నానం చేస్తూ జాలాట్లో పడ్డాడు. మోచేయి గీరుకుపోయింది, అంతే. మంచం తడుపుతున్నాడు కూడా. దుప్పటి నేను ఉతికాను, ఆయన నా మొహం చూడలేదు.

అత్త నా చేత ఒట్టు వేయించుకుంది. "వినీతకు చెప్పకు. చెప్తె మల్ల దవాఖాన అంటది. మల్ల తల కోస్తరు" అన్నది. ఒట్టు ఫోన్‌లో చెప్పనని వేశాను. చీటీ గురించి ఆమె అడగలేదు.

నువ్వు అనుకున్నది నిజం. తల ఆపరేషన్ సంగతి డాక్టర్‌కు ఎవరూ చెప్పలేదు. "ఏమన్న ఆపరేషన్ అయిందా?" అని ఆయన అడిగాడు. "కడుపుకేం కాలె సారూ" అన్నాడు మామ. అత్త కూడా తల ఊపింది. నేనూ పక్కనే ఉన్నాను. కడుపు చూసే డాక్టర్‌కు తల సంగతి ఎందుకని మాకెవరికీ తోచనే లేదు.

ఇంకొకటి. మొన్న మధ్యాహ్నం చాయ్ ఇస్తుంటే మామ అన్నాడు: "కోడలా, మల్ల పేర్లు మర్శిపోయే దినాలొస్తె నువ్వెవలో నాకు చెప్పకు. చాయ్ ఇయ్యి. నీ చాయ్ రుచికి నేనే గుర్తువడ్త."

నేను నవ్వాను. తర్వాత తోమిన గిన్నెలే మళ్లీ తోముతూ ఉండిపోయాను.

సోమవారం మీ అన్న పాల బండిలోనే తీసుకొస్తాడు. అత్త వెంట వస్తుంది, ఆపడం నా వల్ల కాదు. చెరుకు కొట్టే ముఠా దిగింది, నేను రాలేను. ఏమైందో పూర్తిగా రాయి. మంచి మాటలు మాత్రమే రాయకు.

సవిత

*

నిజామాబాద్,
సోమవారం సాయంత్రం

వదినా,

ముందు ఫలితం రాస్తాను. లివర్ బాగుంది. కల్లు నేరం ఏమీ లేదు. పైపు ఎక్కడా తెగలేదు. కానీ కడుపులో పైపు కొస చుట్టూ ఒక పొర ఏర్పడి సంచిలా అయింది. తల నుంచి దిగిన నీరు ఆ సంచిలోనే నిలిచిపోతోంది. అది నిండేకొద్దీ తల నీరు దిగడం మానేస్తోంది. అందుకే నడక. హైదరాబాద్ పోవాలి.

ఇక జరిగింది.

తల నుంచి కడుపు దాకా పైపు మొత్తం కనబడేలా వరసగా ఎక్స్‌రేలు తీయాలి. తల, మెడ, ఛాతీ బాగా వచ్చాయి. తెల్లటి గీతలా పైపు ఎక్కడా తెగకుండా కనిపించింది. కడుపు దగ్గర ఆగిపోయింది. బాపు వెండి మొలతాడు సంగతి నేను మరిచిపోలేదు. గౌను ఇచ్చేటప్పుడే తీయమన్నాను. తీశానన్నాడు. ఫిల్ములో చూస్తే పొట్ట కింద మెలికలు మెలికలుగా వెండి. పైపు కొస సరిగ్గా దాని వెనకకు పోయి మాయమైంది.

డాక్టర్ ఆశా స్క్రీన్ చూసి, "పెద్దాయన వెండి చాలా బాగుంది. పైపు కూడా చూపిస్తే బాగుండు" అన్నారు.

లోపలికి పోయి అడిగాను. బాపు గోడకేసి చూస్తూ అన్నాడు: "పెండ్లాం సచ్చినంక తెంపుతరు బిడ్డా మొలతాడు. మీ అవ్వ అగో, తలుపు కాడ నిలవడ్డది. ఆమె బతికుండంగ ఎట్ల తియ్యమంటవ్?"

రోజూ ఎంతమందికో చెబుతాను నేను. తీయండి, తిరగండి, ఊపిరి బిగబట్టండి. బాపుకు మాత్రం రెండోసారి చెప్పలేకపోయాను. కిందికి జరిపి ఇంకో ఫోటో తీశాను. పొట్ట వాలుకు మళ్లీ పాత చోటికే జారింది. అదే తెలుపు.

అప్పుడు అవ్వ లోపలికి వచ్చింది. "ఎందుకు తియ్యాలె?" అని అడిగింది. చూపించాను. స్క్రీన్‌కు ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. "వెండికి కనవడది. దారానికి?" అన్నది. దారం ఎక్స్‌రేలో కనబడదని చెప్పాను.

ఆమె సంచిలో బీడీ సామాను ఎప్పుడూ ఉంటుంది కదా. దారం రీలు తీసింది. నాలుగు పేటలు కలిపి పేని, బాపు నడుముకు కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసింది. అది కట్టాకే వెండి కొక్కెం విప్పింది. "ఒక్క గడియ గూడ ఉత్త మొల లేదు. సూసినవా?" అన్నది. నాతో కాదు, బాపుతో.

"బీడీ కట్టినట్టు కట్టిందిరా నన్ను," అన్నాడు బాపు, తలుపు దగ్గరున్న అన్నతో.

"బీడీకి పనన్న ఉంటది," అన్నది అవ్వ.

తర్వాతి ఫిల్ములో పైపు కొస కనిపించింది. పోయిన ఏటి ఫిల్ములో అది కడుపులో స్వేచ్ఛగా వాలి ఉంది. ఇప్పుడు ఒకే చోట చుట్ట చుట్టుకొని ఉంది. డాక్టర్ ఆశా వెంటనే అల్ట్రాసౌండ్ చేశారు. పలచటి గోడ, లోపల నీరు, ఆ నీటిలో పైపు కొస. చిన్న పుచ్చకాయంత ఉంది. బోధన్ డాక్టర్ చూసిన నీరు ఇదే. పైపు సంగతి తెలిస్తే ఆయనా ఇదే చెప్పేవాడు. మనం చెప్పలేదు.

బాపు ఒకటే అడిగాడు: "లివర్ మంచిగున్నదని కాయితం మీద రాసిస్తరా మేడం? దుకాణంల సూపియ్యాలె."

వెండి మొలతాడు బట్టలో చుట్టి అన్నతో పంపుతున్నాను. నీ దగ్గర దాచు.

వినీత

*

ఎడపల్లి,
డిసెంబరు

వినీతా,

మొలతాడు బియ్యం డబ్బాలో పెట్టాను. పెట్టేముందు విప్పి చూశాను. పాత వెండి నల్లబడింది. చివరి రెండు లంకెలు మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి.

అత్తను అడిగాను. చేతిలోని బీడీ ఆకుల కట్ట కత్తిరించడం ముగించింది. తర్వాత చెప్పింది. దీపావళికి ముందే మొలతాడు బిగువైందట. మామకు కూడా కారణం చెప్పకుండా, మెరుగు పెట్టిస్తానని తీసుకుపోయి రెండు లంకెలు కలిపించిందట. ఆ పూటకు నల్లదారం కట్టిందట ఆయనకు. "పొట్ట అని ఒప్పుకుంటె దవాఖాన. దవాఖాన అంటె కోత. నేను గాలి అనుకున్న" అన్నది. నేనూ దుప్పట్లు ఉతికి ఊరుకున్నదాన్నే.

కల్లు దుకాణానికి మామ కాగితం తీసుకుపోయాడు. మీ అన్న బండి మీద కూర్చోబెట్టుకొని తీసుకెళ్లాడు. దుకాణం అతను చదివించుకొని, "కాయితం మంచిగనే ఉన్నది గని, నీ పెండ్లాం సాయవ్వ సంతకం లేదు" అన్నాడట. సీసా మాత్రం ఇవ్వలేదు.

మామ భయపడుతున్నాడు. బయటికి చెప్పడు. చాయ్ తాగాక గ్లాసు నాకు ఇస్తూ పిల్లల పేర్లు, నీ పేరు, కాలువ మీది ఊళ్ల పేర్లు నిజాంసాగర్ నుంచి వరసగా చదువుతున్నాడు. నిన్న ఒక ఊరు తప్పింది. నేను చెప్పలేదు. ఆయనే వెనక్కి పోయి పట్టుకున్నాడు.

హైదరాబాద్‌లో మళ్లీ తల కోస్తారా? కోసినా సరే, ముందే తెలిస్తే అత్తకు నేను చెప్పగలను. ఆమె అడిగితే ఈసారి అబద్ధం చెప్పదలుచుకోలేదు.

సవిత

*

హైదరాబాద్,
జనవరి

వదినా,

ఇక్కడ పాల బండి లేదు కాబట్టి పోస్టులో వేస్తున్నాను. ఫోన్‌లో నీకు ముక్కలు ముక్కలుగా చెప్పింది వరసగా రాస్తున్నాను. అవ్వ పక్కనే కూర్చుంది. ఏం రాస్తున్నావని అడిగితే నీకని చెప్పాను. "రాయి, అన్ని రాయి" అన్నది. ఇది కొత్త.

తల కోయలేదు, ముందు. సంచిలోని నీరు తీసి పరీక్షకు పంపితే అందులో ఇన్‌ఫెక్షన్ ఉందని తేలింది. చాలాసార్లు ఇలాంటి సంచి అందుకే ఏర్పడుతుందట. పైపు కింది కొసను కడుపులోంచి బయటకు తీసి ఒక బాటిల్‌కు కలిపారు. మందులు ఎక్కించి, నీరు శుభ్రమయ్యాక పాత పైపు తీసేసి కొత్తది వేశారు. దానికోసం తలకు కూడా చిన్న కోత పడింది. కొస ఈసారి కడుపులో ఎడమ వైపు పెట్టారు.

సర్జన్ ఇదంతా చెబుతుంటే బాపు మధ్యలో ఆపాడు.

"తూము మంచిగనే ఉన్నది. ఆఖరి మడిల నీళ్లు ఇంకుతలేవు. సుట్టు గట్టు వడ్డది. గంతేనా సారూ?"

"అంతే పెద్దాయనా."

"మరి పక్క మడికి మలిపితె అయిపాయె. ఇన్ని దినాలు పండవెట్టుడెందుకు?"

"మురికి నీళ్లు మలుపుతరా ఎవరన్నా? తేటపడాలె."

బాపు ఆలోచించి, "అదీ నిజమే" అన్నాడు. తర్వాత వార్డులో ఉన్నవాళ్లందరికీ ఆయనే వివరించాడు. పక్క మంచం మనిషి కాలు విరిగి వచ్చాడు. అతనికీ వివరించాడు.

నువ్వు మంచి మాటలు మాత్రమే రాయొద్దన్నావు. మొదటి వారం బాగాలేదు. జ్వరం వచ్చింది. రెండు రోజులు నన్ను సవితా అని పిలిచాడు. నువ్వు రాసింది గుర్తుండి నేను పేరు చెప్పలేదు. క్యాంటీన్ చాయ్ తెచ్చి ఇచ్చాను. ఒక గుక్క తాగి, "ఇది సవిత చాయ్ గాదు. నువ్వెవలు?" అన్నాడు. నేను బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను.

ఆపరేషన్ రోజు నర్సు దారం మొలతాడు కూడా తీయాలన్నది. ఒంటి మీద ఏదీ ఉండకూడదు. నేను అవ్వ వైపు చూశాను. ఆమె ముడి విప్పి, ఆ దారాన్ని తన మణికట్టుకు చుట్టుకుంది. "నా కాడ ఉన్నది. ఎటు వోతది?" అన్నది. బాపు బయటికి వచ్చేదాకా ఆ చేతితో నీళ్లు కూడా ముట్టలేదు.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు ఫిజియోథెరపీ అమ్మాయి లేపి నిలబెట్టింది. అడుగు లేచింది. నేల విడిచి లేచింది, వదినా. నేను చూశాను. కిటికీ దాకా పోయి తిరిగి చూసి, "వినీతా, నా చెప్పులేవే?" అన్నాడు.

వినీత

*

ఎడపల్లి,
ఫిబ్రవరి

వినీతా,

మామ పొద్దున చాయ్ తాగి కాలువకు పోయాడు. ఈసారి నేను వెనక పోయాను, మోరీ దగ్గర ఆగుతాడేమోనని. ఆగలేదు. యాసంగి నీళ్లు వదిలారు. తూము దగ్గర లష్కర్ అబ్బాయి ఈయనను చూసి షట్టర్ తాళం దాచాడు. మామ ఆ అబ్బాయిని తిట్టాడు. తిట్లు పూర్తిగా, వరస తప్పకుండా, తాత పేరుతో సహా తిట్టాడు. నాకు ఎంత సంతోషం కలిగిందో. ఆ అబ్బాయి కూడా నవ్వుతూనే ఉన్నాడు.

ఇప్పుడు ఆయన ఎవరు కనబడినా పైపు సంగతి చెబుతున్నాడు. పళ్లు చూపించుకోవడానికి బోధన్ తీసుకుపోయాం. డాక్టర్ నోరు తెరవమంటే, "ముందు ఇది రాసుకో. తలకెల్లి కడుపులకు పైపున్నది, ఎడమ దిక్కు" అన్నాడు. బస్సులో కండక్టర్‌కూ చెప్పాడు. ఆయన టికెట్ కొట్టి, "దిగేటప్పుడు సూసుకోని దిగు తాతా" అన్నాడు.

కల్లుకు అనుమతి వచ్చింది. ఆదివారం ఒక సీసా. అత్త పక్కన చాట పెట్టుకొని కూర్చుంటుంది. ఆయన తాగడం అయ్యేలోపు ఒక కట్ట బీడీలు అవుతాయి. నెమ్మదిగా తాగుతున్నాడని ఆమె గొణుగుతుంది. ఆమె లేచిపోతుందని ఆయన నెమ్మదిగా తాగుతున్నాడు.

బియ్యం డబ్బాలోంచి వెండి మొలతాడు తీసి ఇచ్చాను. ఇప్పుడది తొడల మీదికి జారుతోంది. అత్త ఆ కొత్త లంకెలు రెండూ తీయించింది. అయినా మామ పెట్టుకోలేదు. "వెండి బరువున్నది. దారమే మంచిగున్నది" అన్నాడు. ఆమె ఆసుపత్రిలో మణికట్టు నుంచి విప్పి కట్టిన దారమే ఇంకా ఉంది. మాసిపోయింది. మార్చమంటే ఇద్దరూ నన్ను కోపంగా చూస్తున్నారు.

సవిత

*

నిజామాబాద్,
మార్చి

వదినా,

నీ చీటీ డాక్టర్ ఆశాకు చదివి వినిపించాను. కండక్టర్ మాట దగ్గర ఆమె నవ్వారు.

ఎక్స్‌రే గదిలో మేకుకు ఒక బీడీ దారం రీలు వేలాడదీశాను. అవ్వ ఆ రోజు మరిచిపోయిన రీలే. ఇయ్యాళ ముప్కాల్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, నడుము నొప్పి. మొలతాడు తీయమంటే ఆయనా గోడకేసి చూశాడు. భార్య బయట బెంచీ మీద ఉంది. నేను రీలు తీసుకుపోయి ఆమె చేతికి ఇచ్చాను. ఏం చేయాలో చెప్పనక్కర లేకపోయింది. ముందు దారం కట్టింది, తర్వాత వెండి విప్పింది. మొదటి ఫోటోకే వెన్నుపూస మొత్తం వచ్చింది. ఈ నెలలో ఇలా చాలామందే.

బాపుకు మళ్లీ ఒకసారి అల్ట్రాసౌండ్ చేసి చూడాలి. సంచి తిరిగి ఏర్పడలేదని తేల్చుకోవడానికి. నీ చీటీ చదివాక నాకు పెద్ద భయం లేదు, అయినా చూడాలి. వచ్చే సోమవారం పంపు.

దారం అయిపోవచ్చింది. అవ్వను అడిగి ఇంకో రీలు బాపుకే ఇచ్చి పంపు. అన్న బండి వద్దు, బస్సు ఎక్కించు. బస్టాండ్ నుంచి మా సెంటర్ దాకా ఆటో ఎక్కొద్దని, నడిచే రమ్మని చెప్పు. నేను గేటు దగ్గర నిలబడి చూస్తుంటాను.

వినీత